పూవుల వర్ణ రహస్యం – హాల్డేన్

1964 డిసెంబరు నెలలో భువనేశ్వర్ నుండి కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఒక భౌతికకాయం చేరింది. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలోనూ లండన్‌లోనూ విద్యాబోధన నెరపి, చివరి దశలో భారత పౌరసత్వాన్ని స్వీకరించిన ఒక మహాశాస్త్రవేత్త దేహమది. మరణానంతరం తన శరీరం వైద్య విద్యార్థుల అధ్యయనానికి ఉపయోగపడాలని ఆయన ముందుగానే నిర్ణయించుకున్నాడు. ఆయనే జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. జె.బి.ఎస్. హాల్డేన్‌గా లోకప్రసిద్ధుడు. జీవపరిణామ సిద్ధాంతానికి గణితశాస్త్ర పునాది వేసిన వారిలో ఒకడిగా ఆయనను శాస్త్రలోకం స్మరిస్తుంది. అయితే ఒక పువ్వు ఎర్రగా, మరొకటి నీలంగా, ఇంకొకటి తెల్లగా ఎందుకు పూస్తుందనే ప్రశ్నను పట్టుకొని, జన్యువు చేసే పనిని తెలుసుకొనే మార్గం చూపిన వారిలో కూడా ఆయన ఒకడన్న సంగతి చాలామందికి తెలియదు.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గూర్చి విశేష కృషి చేసిన శరీరధర్మ శాస్త్రవేత్త. గనుల్లో పేరుకొనే విషవాయువులను పరిశీలించడానికి ఆయన స్వయంగా గనుల్లోకి దిగేవాడు, కుమారుణ్ణి కూడా వెంట తీసుకొని పోయేవాడు. ఒకసారి మీథేన్ వాయువు పైకప్పు దగ్గర నిలిచి ఉన్న చోట బాలుణ్ణి నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని అప్పజెప్పమన్నాడు. కొంత చెప్పేసరికి బాలుడికి ఊపిరాడక కాళ్లు తడబడి నేలకు ఒరిగాడు. నేల దగ్గర గాలి స్వచ్ఛంగా ఉండటంతో వెంటనే తేరుకున్నాడు. మీథేన్ గాలికంటె తేలికైనదన్న పాఠాన్ని ఆయన ఆ విధంగా నేర్చుకున్నాడు. సత్యాన్ని పుస్తకంలో చదవడంతో తృప్తిపడక, అవసరమైతే తన శరీరాన్నే పరీక్షకు పెట్టే స్వభావం ఆయనకు బాల్యంలోనే అలవడింది.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆయన గణితాన్ని, ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యాలను అధ్యయనం చేసి 1914లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టా లేదు. అయినా చెల్లెలు నవోమితోను, మిత్రుడు స్ప్రంట్‌తోను కలిసి ఎలుకలలో లక్షణాల సంక్రమణను పరిశీలించి 1915లో ఒక పరిశోధన పత్రాన్ని ప్రచురించాడు. అప్పటికే మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైంది. స్ప్రంట్ ఆ యుద్ధంలో మరణించాడు. సైన్యంలో చేరిన హాల్డేన్ గాయపడి, కోలుకోవడానికి కొంతకాలం భారతదేశంలో గడిపాడు. ఈ దేశం ఆయన మనస్సును ఆకట్టుకుంది. కాని ఇక్కడి ప్రజలతో పాలకజాతీయుడిగా మెలగడం ఆయనకు రుచించలేదు. సమానుడిగా మెలగగలిగే రోజు వచ్చినప్పుడే తిరిగి రావాలని సంకల్పించుకున్నాడు. ఆ సంకల్పం నెరవేరడానికి సుమారు నలభై ఏళ్లు పట్టింది.

1923లో హాల్డేన్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని జీవరసాయనశాస్త్ర శాఖలో చేరాడు. సర్ ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్‌కిన్స్ ఆ శాఖకు అధిపతి. అక్కడ హాల్డేన్ దృష్టి ఎంజైముల మీద నిలిచింది. జీవకణంలో జరిగే రసాయనిక చర్యలను వేగవంతం చేస్తూ, తాము మాత్రం ఖర్చు కాకుండా మిగిలే పదార్థాలే ఎంజైములు. ఒక్కొక్క ఎంజైము సాధారణంగా ఒక్కొక్క రకపు చర్యకే పరిమితమవుతుంది. ఎంజైము చర్యావేగాన్ని లెక్కగట్టే సూత్రాన్ని హాల్డేన్ 1925లో బ్రిగ్స్‌తో కలిసి రూపొందించాడు. 1930లో ఎంజైములపై ఒక ప్రామాణిక గ్రంథాన్ని ప్రచురించాడు. మరోవైపు ప్రకృతివరణాన్ని గణితభాషలో వివరించే పరిశోధన పత్రాలను 1924 నుండి వరుసగా వెలువరించాడు. ఈ విధంగా జన్యుశాస్త్రం, జీవరసాయనశాస్త్రం రెండూ ఒకే మనస్సులో చోటు చేసుకున్నాయి. ఆ కాలంలో అటువంటి కలయిక అరుదు.

1927లో ఆయనకు మరొక బాధ్యత లభించింది. లండన్ శివార్లలోని మెర్టన్ వద్ద జాన్ ఇన్స్ ఉద్యానవన సంస్థ ఉండేది. 1910 నుండి 1926లో మరణించేవరకు దానికి విలియం బేట్సన్ సంచాలకుడు. మెండెల్ సూత్రాలను ఇంగ్లండులో ప్రచారం చేసినవాడు, జన్యుశాస్త్రానికి ఆంగ్లంలో పేరు పెట్టినవాడు ఆయనే. స్వీట్‌పీ మొక్కలలో బేట్సన్ బృందం ఒక వింతను గమనించింది. రెండు తెల్లపూల మొక్కలను సంకరపరిస్తే పుట్టిన మొక్కలన్నీ ఊదారంగు పూలు పూశాయి. తరువాతి తరంలో రంగుపూలు, తెల్లపూలు తొమ్మిదికి ఏడు నిష్పత్తిలో వచ్చాయి. రంగు రావడానికి రెండు వేర్వేరు కారకాలు కావాలనీ, రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా పువ్వు తెల్లబడుతుందనీ లెక్క తేలింది. అయితే ఆ కారకాలు పూరేకులో ఏం చేస్తాయి? ఆ ప్రశ్నకు లెక్కలు జవాబు చెప్పలేదు. ఆ సంస్థలో జన్యుపరిశోధనలను పర్యవేక్షించే పదవిని హాల్డేన్ స్వీకరించాడు.

ఆ ప్రశ్నకు రసాయనిక సమాధానం వెదకడం ఆయనకంటె ముందే ఒక మహిళ ఆరంభించింది. ఆమె మ్యూరియల్ వెల్డేల్. వివాహానంతరం ఆమె మ్యూరియల్ ఆన్‌స్లోగా పరిచితురాలు. కేంబ్రిడ్జి పరీక్షలలో ప్రథమశ్రేణి సాధించినా ఆమెకు పట్టా దక్కలేదు. స్త్రీలకు ఆ విశ్వవిద్యాలయం పూర్తి పట్టాలను ఇవ్వడం 1948లో గాని మొదలు కాలేదు. ఆమె ఆంటిర్రైనమ్ అనే పూలమొక్కలో రంగుల సంక్రమణను 1907లో కారకాల రూపంలో వివరించింది. ఎరుపు, ఊదా, నీలి రంగులకు కారణమైన ఆంథోసయనిన్ వర్ణకాలపై 1916లో ఒక గ్రంథం రచించింది. జన్యుకారకాలను, వర్ణక రసాయనాన్ని ఒకచోట చేర్చి చూడాలన్న ఆలోచనకు బీజం వేసినది ఆమెయే.

ఆ బీజాన్ని మొక్కగా పెంచడానికి కావలసిన వసతులన్నీ ఇప్పుడు హాల్డేన్‌కు అందుబాటులోకి వచ్చాయి. మెర్టన్ తోటలలో ఏ మొక్కలో ఏ జన్యువులున్నాయో తెలిసిన పూలమొక్కలు ఉన్నాయి. కేంబ్రిడ్జిలో రసాయనశాస్త్రం తెలిసిన యువ పరిశోధకులు ఉన్నారు. లోపించినదల్లా ఈ ఇరువర్గాలను కలిపేవారు. హాల్డేన్ ఆ పని చేశాడు. రోజ్ స్కాట్-మాంక్రీఫ్ అనే యువ జీవరసాయన శాస్త్రవేత్త ఆయన ప్రోత్సాహంతో మెర్టన్ పూలలోని వర్ణకాలను విశ్లేషించే భారాన్ని తలకెత్తుకుంది. రాబర్ట్ రాబిన్సన్, గెర్ట్రూడ్ రాబిన్సన్ దంపతులు కొద్దిపాటి పూరేకులతోనే వర్ణకాన్ని గుర్తించగల సులభ పరీక్షలను రూపొందించి ఆమెకు తోడ్పడ్డారు. డబ్ల్యూ.జె.సి. లారెన్స్ తోటలో మొక్కలను సంకరపరచి పెంచాడు. ఈ బృందంలో హాల్డేన్ పాత్ర సూత్రధారునిది. పూరేకులను నూరి పరీక్షించిన చేతులు ఆయనవి కావు. ప్రశ్నను స్పష్టంగా నిలబెట్టి, దానికి జవాబు చెప్పగల వారినందరినీ ఒకచోట చేర్చిన ఘనత మాత్రం ఆయనదే.

చైనా ప్రాంతానికి చెందిన ప్రిములా సైనెన్సిస్ అనే మొక్కపై జరిగిన పరిశీలన ఆసక్తికరమైనది. ఈ మొక్కలో ఒక జన్యువు వర్ణకపు అణునిర్మాణాన్నే మార్చేది. దాని బహిర్గత రూపం ఉన్నప్పుడు ఊదాఛాయ వర్ణకం, లేనప్పుడు నారింజఛాయ వర్ణకం తయారయ్యేవి. మరొక జన్యువు వర్ణకాన్ని ముట్టుకొనేది కాదు. అది పూరేకులోని కణరసపు ఆమ్లతను మార్చేది. ఆమ్లత ఎక్కువైతే పువ్వు ఎరుపువైపు, తగ్గితే నీలంవైపు మొగ్గేది. మందారపూల రసం ఆమ్లంలో ఒక రంగుగా, క్షారంలో మరొక రంగుగా మారడం విద్యార్థులకు పరిచితమే. ప్రయోగశాలలో మనం ఆమ్లం కలిపి చేసే పనిని అక్కడ ఒక జన్యువు పువ్వు లోపలే చేస్తున్నది.

డాలియా పూలలో లారెన్స్, స్కాట్-మాంక్రీఫ్ మరొక సత్యాన్ని కనుగొన్నారు. డాలియాలో పసుపు వర్ణకాన్ని ఇచ్చే జన్యువులు, ఎరుపు వర్ణకాన్ని ఇచ్చే జన్యువులు ఉన్నాయి. పసుపు వర్ణకం అధికంగా తయారైన పూలలో ఎరుపు వర్ణకం తగ్గిపోవడం వారు గమనించారు. రెండు వర్ణకాలూ పరిమితంగా లభించే ఒకే ముడిపదార్థం నుండి తయారవుతున్నాయని, దానికోసం జన్యువులు పోటీపడుతున్నాయని వారు 1935లో వివరించారు. ఒకే చెరువునీటిని రెండు కాలువలు పంచుకున్నప్పుడు ఒకదానిలో పారుదల పెరిగితే రెండవదానిలో తగ్గుతుంది కదా! మరుసటి సంవత్సరం స్కాట్-మాంక్రీఫ్ అనేక పూలజాతుల ఫలితాలను క్రోడీకరించి ఒక సమగ్ర వ్యాసాన్ని ప్రచురించింది. ఒక్కొక్క జన్యువు వర్ణక నిర్మాణంలోని ఒక్కొక్క నిర్దిష్ట రసాయనిక మార్పుకు కారణమవుతున్నదని దానివల్ల స్పష్టమైంది. జన్యువులు ఎంజైముల ద్వారా పనిచేస్తాయనీ, ఆ సంగతిని పరిశీలించడానికి కంటికి కనిపించే పూలరంగులే అనువైనవనీ హాల్డేన్ వాదించాడు.

నేటి విజ్ఞానం ఆ మార్గాన్ని పూర్తిగా వెల్లడించింది. ఫినైల్ అలనిన్ అనే అమినో ఆమ్లం దానికి మొదలు. కొన్ని ఎంజైములు దానిని మార్చిన పిదప చాల్కోన్ సింథేజ్ అనే ఎంజైము లేతపసుపు చాల్కోన్‌ను తయారుచేస్తుంది. తరువాతి ఎంజైములు ఒకదాని వెంట ఒకటి ఆ అణువును మలుస్తాయి. దారిలో దానికి హైడ్రాక్సిల్ సమూహాలను చేర్చే ఎంజైములు రంగును నిర్ణయిస్తాయి. అణువులోని ఒక వలయంపై ఒక్క సమూహమే ఉంటే నారింజ ఎరుపునిచ్చే పెలార్గోనిడిన్, రెండుంటే ఎరుపునిచ్చే సయనిడిన్, మూడుంటే నీలిఛాయనిచ్చే డెల్ఫినిడిన్ ఏర్పడతాయి. మన పెరటి శంఖుపుష్పపు నీలం ఈ డెల్ఫినిడిన్ కుటుంబానిదే. చివరగా చక్కెర అణువు చేరగానే వర్ణకం స్థిరపడి పూరేకు కణాల రిక్తికలలో నిలుస్తుంది.

ఈ వరుసను అర్థం చేసుకుంటే బేట్సన్ గమనించిన వింత విడిపోతుంది. ఒక తెల్లపూల మొక్కలో వరుసలోని ఒక మెట్టు, రెండవ తెల్లపూల మొక్కలో వేరొక మెట్టు దెబ్బతిని ఉన్నాయి. రెండూ తెలుపే అయినా ఆ తెలుపునకు కారణాలు వేరు. వాటి సంతానంలో ఒకదాని లోపాన్ని మరొకటి పూరించగా వరుస తిరిగి పూర్తయి ఊదారంగు ప్రత్యక్షమయింది. తెలుపు సాధారణంగా అంతర్గత లక్షణంగా ఉండటానికి కారణం కూడా ఇదే. రెండు ప్రతులలో ఒక్కటి సరిగా ఉన్నా పనికి చాలినంత ఎంజైము తయారవుతుంది. రెండూ పాడైనప్పుడే పని ఆగిపోతుంది.

1941లో అమెరికాలో బీడిల్, టాటమ్ అనే శాస్త్రవేత్తలు ఒక బూజుపై చేసిన ప్రయోగాలతో జన్యువులకు, ఎంజైములకు గల సంబంధాన్ని నిరూపించి 1958లో నోబెల్ బహుమతి పొందారు. పూలపై పనిచేసిన వారికి అంతటి కీర్తి దక్కలేదు. వారు ఎంజైములను విడిగా వేరుపరచి చూపలేకపోయారన్నది నిజమే. అయితే జన్యువు ఒక రసాయనిక చర్యను శాసిస్తుందన్న భావనకు బలమైన ఆధారాలను సమకూర్చినది మాత్రం ఈ పూలతోటలే.

హాల్డేన్ 1937లో జాన్ ఇన్స్ సంస్థను వీడి, లండన్ యూనివర్సిటీ కళాశాలలో తన ఆచార్య పదవికే పరిమితమయ్యాడు. ఆయన జీవితంలో లోపాలు లేకపోలేదు. కమ్యూనిస్టు భావాల పట్ల అభిమానంతో ఆయన 1942లో బ్రిటన్‌లోని ఆ పార్టీలో చేరాడు. సోవియట్ దేశంలో లైసెంకో జన్యుశాస్త్రాన్నే నిరాకరించి, ఆ శాస్త్రజ్ఞులను హింసకు గురిచేసిన కాలంలో హాల్డేన్ దానిని గట్టిగా ఖండించడానికి వెనుకాడాడు. ఆయనకు పరిచితుడైన మహాశాస్త్రవేత్త వావిలోవ్ 1943లో చెరసాలలోనే ప్రాణాలు విడిచాడు. సత్యం కోసం విషవాయువులను పీల్చడానికైనా జంకని వ్యక్తి, తాను అభిమానించిన పక్షాన్ని విమర్శించవలసి వచ్చినప్పుడు తడబడ్డాడు. తరువాత ఆయన ఆ పార్టీకి దూరమయ్యాడు గాని, ఆ మౌనం ఆయన జీవితంలో ఒక మచ్చగా మిగిలిపోయింది.

1957లో హాల్డేన్, ఆయన భార్య హెలెన్ స్పర్వే భారతదేశానికి వచ్చి కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. ఆయన ఇక్కడి దుస్తులు ధరించాడు, శాకాహారాన్ని అవలంబించాడు, 1961లో భారత పౌరుడయ్యాడు. ఖరీదైన పరికరాలు లేనిదే పరిశోధన సాగదన్న అభిప్రాయాన్ని ఆయన అంగీకరించలేదు. చూసే కన్ను, లెక్కించే ఓపిక ఉంటే చుట్టూ ఉన్న ప్రకృతియే ప్రయోగశాల అని బోధించాడు. ఆయన శిష్యుడొకడు పారిజాత పుష్పాల రేకులను లెక్కించి, వాటి సంఖ్యలోని వైవిధ్యాన్ని పరిశీలించాడు. పిఠాపురంలో జన్మించిన తెలుగు యువకుడు ద్రోణంరాజు కృష్ణారావు ఆయన వద్ద జన్యుశాస్త్రం అభ్యసించాడు. పలురంగులలో పూసే లాంటానా పొదల చెంత కూర్చుని, ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు పువ్వుపై వాలుతున్నదో లెక్కించాడు. వేర్వేరు జాతులు వేర్వేరు రంగులను ఎంచుకుంటున్నాయని తేలింది. ఒకేచోట పెరిగే మొక్కలైనా, పుప్పొడిని మోసే కీటకాలు రంగును బట్టి విడిపోతే, కాలక్రమంలో వేరుజాతులుగా చీలిపోవచ్చునన్న సూచన దానినుండి వెలువడింది. పూరేకులోని ఒక ఎంజైము మార్పు జాతుల పరిణామం వరకు ఎలా ప్రభావం చూపగలదో ఈ పరిశీలన తెలుపుతున్నది.

1962లో నాటి ఒరిస్సా ప్రభుత్వ ఆహ్వానంపై హాల్డేన్ భువనేశ్వర్ చేరి అక్కడ జన్యుశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పాడు. ఆ కృషి వేళ్లూనకముందే ఆయనకు కేన్సర్ వ్యాధి సోకింది. 1964 ఆరంభంలో లండన్‌లో శస్త్రచికిత్స జరిగింది. ఆసుపత్రిలో ఉండగానే తన వ్యాధిపై ఆయన ఒక హాస్యకవిత రాశాడు. వ్యాధి లక్షణాలు కనిపించగానే బిడియపడక వైద్యుణ్ణి కలవాలన్నది అందులోని హితవు. నవ్వించైనా కొందరి ప్రాణాలు నిలపాలని ఆయన ఆశించాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో ఆయన తుదిశ్వాస విడిచాడు. ఆయన కోరిక మేరకు దేహాన్ని కాకినాడకు తరలించారు. తండ్రి వెంట గనిలోకి దిగిన నాడు పరీక్షకు నిలిచిన ఆ శరీరం మరణానంతరం కూడా విద్యార్థులకు పాఠమై నిలిచింది.

ఆయన అనంతరం పూలరంగుల శాస్త్రం ఎంతో ముందుకు సాగింది. 1987లో జర్మనీలోని శాస్త్రజ్ఞులు మొక్కజొన్న జన్యువును పెటూనియా మొక్కలో చేర్చి, దానికి సహజంగా లేని ఇటుక ఎరుపు రంగును తెప్పించారు. మూడవ హైడ్రాక్సిల్ సమూహాన్ని చేర్చే ఎంజైము గులాబీకి లేదు. పాన్సీ మొక్క నుండి ఆ జన్యువును తెచ్చి చేర్చిన గులాబీలు 2009లో జపాన్‌లో విక్రయానికి వచ్చాయి. అయితే అవి ఆకాశనీలంగా కాక లేత ఊదాఛాయలో పూశాయి. గులాబీ రేకులలోని కణరసపు ఆమ్లత దీనికి ఒక కారణం. ప్రిములాలో నాడు గమనించిన సత్యమే మళ్లీ ఎదురైంది.

పువ్వు రంగు ఏ ఒక్క జన్యువు సొత్తూ కాదు. వరుసగా నిలిచిన అనేక ఎంజైములు తమ తమ పనిని పూర్తిచేసి తరువాతి దానికి అందిస్తేనే రంగు పూస్తుంది. విజ్ఞానం కూడా అంతే. బేట్సన్ విడిచిన ప్రశ్నను వెల్డేల్, ఆమె ఆలోచనను హాల్డేన్ బృందం, వారి ఫలితాలను తరువాతి తరాలవారు అందుకున్నారు. ఆ వరుసలో తన వంతు పనిని నెరవేర్చడమే గాక, తన దేహాన్ని సైతం రాబోయే తరానికి అందించి వెళ్లిన హాల్డేన్ జీవితం విద్యార్థిలోకానికి స్మరణీయం.